చివర దిగినవాడికి కొరడా

మొన్న మా ఆఫీసులో టీమ్ లీడ్లందరికీ రెండు రోజుల ట్రైనింగు పెట్టారు. ఊరి బయట ఏదో రిసార్టులో. బఫే బాగుంది, దానిమీద నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదల్లా రెండో రోజు భోజనాలయ్యాక, అందరం సగం నిద్రలో ఉన్నప్పుడు తెరమీద పడ్డ ఒక స్లైడు గురించి. పాతకాలపు తెరచాప ఓడ బొమ్మ. కింద పెద్దక్షరాల్లో "మీ టీమును బ్రిటిష్ ఫ్రిగేట్‌లా నడపండి" అని. ట్రైనరుగారు విడమర్చి చెప్పారు: చిన్న ఓడ, వేగం ఎక్కువ, పైవాళ్ళ అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు, కెప్టెన్ మాటే వేదం, క్రమశిక్షణ ఉక్కులాంటిది, అందుకే ఆ ఓడలు సముద్రాలన్నీ ఏలాయి. చప్పట్లు. టీ బ్రేక్.

నాకు నిద్ర వదిలిపోయింది. ఎందుకంటే నాకు ఈ ఓడల పిచ్చి ఉంది. హాస్టల్లో ఎవడి హార్డ్ డిస్కులోనో ఉన్న 'మాస్టర్ అండ్ కమాండర్' (2003లో వచ్చిన సినిమా) చూసినప్పట్నుంచీ మొదలైంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకం పైన, ఈ ఓడల పుస్తకం కింద. ఇప్పటికి పదేళ్ళు. అంచేత సదరు స్లైడులో ఉన్న ఒక్కో ముక్కా ఎంత తప్పో చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

ముందు ఫ్రిగేట్ అంటే ఏంటో తేల్చేద్దాం. పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధనౌకల్లో పెద్దవి వరసకట్టి కొట్టుకునేవి. మామూలుగా 74 ఫిరంగులు, 600 మంది జనం. ఫ్రిగేట్ వాటిలో సగం. ఒక్కటే పూర్తి ఫిరంగుల డెక్కు, దానికింది డెక్కులో ఫిరంగులే ఉండవు, జనం ఉయ్యాల మంచాల్లో పడుకుంటారు. దీనివల్ల లాభమేంటంటే ఫిరంగుల కిటికీలు నీటిమట్టానికి బాగా ఎత్తులో ఉంటాయి, సముద్రం పోటెత్తి ఉన్నా తెరవొచ్చు. పెద్ద ఓడలు గాలి గట్టిగా ఉన్నప్పుడు కింది వరస కిటికీలు మూసుకుని కూర్చోవాల్సిందే. 32 నుంచి 38 ఫిరంగులు, 200 నుంచి 300 మంది, వేగం. చక్కటి డిజైను, కాదనను. కానీ ఆ డిజైను బ్రిటిష్ వాళ్ళది కాదు, ఫ్రెంచి వాళ్ళది. 1782లో పట్టుకున్న ఎబె అనే ఫ్రెంచి ఫ్రిగేట్ కొలతలు తీసుకుని బ్రిటిష్ నేవీ 'లీడా' తరగతి అని పదుల కొద్దీ కట్టుకుంది. సినిమాలో మనందరం ప్రేమించిన సర్‌ప్రైజ్ కూడా 1796లో పట్టుకున్న ఫ్రెంచి ఓడే, అసలు పేరు యునితె. కాపీ కొట్టడం తప్పని నేననను. మనం రోజూ చేసే పనేగా :). కానీ స్లైడులో 'బ్రిటిష్ ప్రతిభ' అని వేసేముందు ఆ సంగతి తెలిసుండాలి.

ఇహ అనుమతి అక్కర్లేని స్వేచ్ఛ సంగతి. ఫ్రిగేట్ అసలు పని యుద్ధం కాదు. చూడటం, చూసింది చెప్పడం. మన భాషలో మానిటరింగు. 1798 మే నెలలో నెల్సన్ తూలాన్ రేవు మీద కన్నేసి ఉండగా తుఫాను వచ్చి ఆయన ఓడ స్తంభాలు విరిగిపోయాయి. వెంట ఉన్న ఫ్రిగేట్లు చెల్లాచెదురయ్యాయి. ఆ ఫ్రిగేట్ల కెప్టెన్ ఏం చేశాడయ్యా అంటే, ఇంత దెబ్బతిన్న ఓడ బాగుచేయించుకోడానికి జిబ్రాల్టర్ పోకుండా ఎక్కడికి పోతుందిలే అని తనే నిర్ణయించేసుకుని అటు వెళ్ళిపోయాడు. అచ్చం స్లైడులో చెప్పినట్టే, ఎవరినీ అడక్కుండా. నెల్సన్ పోలేదు. సార్డీనియా దగ్గర నాలుగు రోజుల్లో ఓడను అతుకులేసుకుని బయల్దేరాడు, కళ్ళు లేకుండా. జూన్ 22 రాత్రి నెపోలియన్ నౌకాదళం దాదాపు పక్కనుంచే దాటిపోయింది, కనుక్కోలేకపోయాడు. అలెగ్జాండ్రియాకి ఫ్రెంచివాళ్ళకంటే ముందే చేరి, ఎవరూ లేరని వెనక్కి తిరిగాడు. చివరికి ఆగస్టు 1న అబూకిర్ దగ్గర దొరికారు, ఆలోగా నెపోలియన్ సైన్యం ఈజిప్టులో ఎంచక్కా దిగిపోయింది. తను ఇప్పుడు చనిపోతే గుండెమీద ఫ్రిగేట్లు లేవన్న మాటే చెక్కి ఉంటుందని నెల్సన్ తర్వాత వాపోయాడు. దీనికి ఎదురుగా 1805 అక్టోబరు చూడండి. కాడిజ్ రేవు బయట బ్లాక్‌వుడ్ అనే కెప్టెన్ యూరియలస్ ఫ్రిగేట్‌తో కాపలా. శత్రువు కదలగానే జెండాల సంకేతాలతో ఓడనుంచి ఓడకి కబురు, సుమారు 50 మైళ్ళ దూరంలో ఉన్న నెల్సన్‌కి. ట్రఫాల్గర్ యుద్ధం దాంతోనే మొదలైంది. సొంత తెలివి చూపించినవాడు కాదు, చూసింది చూసినట్టు ఠంచనుగా చెప్పినవాడు పనికొచ్చాడు.

సరే, ఇదంతా చిన్న గొడవ. నాకు ఒళ్ళు మండింది 'ఉక్కు క్రమశిక్షణ' దగ్గర. ఎందుకంటే ఆ మాట అనగానే నాకు గుర్తొచ్చే ఓడ పేరు హెర్మయొనీ. 32 ఫిరంగుల ఫ్రిగేట్, 1782లో బ్రిస్టల్లో కట్టారు. 1797లో కరీబియన్ సముద్రంలో ఉంది. కెప్టెన్ పేరు హ్యూ పిగాట్. వయసు 28, దాదాపు నా వయసే. నాన్న అడ్మిరల్. పెదనాన్న ఎవరనుకున్నారు? మద్రాసు గవర్నరు లార్డ్ పిగాట్. 1776లో సొంత కౌన్సిలే తిరగబడి అరెస్టు చేస్తే మరుసటేడు నిర్బంధంలోనే పోయాడే, ఆయనే. తిరుగుబాటు ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలిసుండాల్సిన కుర్రాడు మరి.

పిగాట్‌గారి ట్రాక్ రికార్డు ఇదీ: అంతకుముందు సక్సెస్ అనే ఫ్రిగేట్‌లో (పేరు చూడండి!) తొమ్మిది నెలల్లో 85 సార్లు కొరడా ఝళిపించాడు, ఆ దెబ్బలకి ఇద్దరు చచ్చిపోయారు. 1796లో ఒక అమెరికన్ వ్యాపార ఓడ కెప్టెన్‌ని కూడా పట్టుకుని కొట్టించాడు, అది రెండు దేశాల మధ్య గొడవైంది. విచారణ జరిగింది. ఫలితం? ఇంకో ఓడకి కెప్టెన్‌గా బదిలీ. ఇలాంటి 'విచారణ' ఎక్కడో చూసినట్టు అనిపిస్తోందా, నాక్కూడా.

హెర్మయొనీలో పిగాట్ పెట్టిన నియమం ఒకటి. తెరచాప కుదించమని ఆజ్ఞ అయినప్పుడు స్తంభమెక్కినవాళ్ళలో ఎవడు ఆఖర్న కిందికి దిగితే వాడికి కొరడా. వినడానికి ఎంత బాగుంది కదండీ. కొలవడం తేలిక. ఎవరికీ సాకులుండవు. అందరూ పరిగెడతారు. డెక్కుమీద నుంచుని చూస్తుంటే కళ్ళకి ఇంపుగా కూడా ఉంటుంది.

ఇప్పుడు ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. తెరచాప ఒక అడ్డదూలానికి కట్టి ఉంటుంది. ఆ దూలం స్తంభానికి అడ్డంగా, రెండు కొసలూ సముద్రం మీదికి చాచి ఉంటాయి. కుదించాలంటే మనుషులు స్తంభమెక్కి, దూలం మీదినుంచి బయటికి, కొసల దాకా పాకుతారు. కాళ్ళకింద ఒక తాడు, అంతే. అందరికంటే కష్టమైన ముడి కొసన ఉంటుంది. గాలి కొట్టేదీ అక్కడే, ఊగేదీ అక్కడే. అందుకని కొసకి అందరికంటే చేయితిరిగిన కళాసీనే పంపుతారు. వాడు అందరికంటే ముందు ఎక్కాలి, అందరికంటే దూరం పాకాలి. తిరిగి వచ్చేటప్పుడు స్తంభం దగ్గరున్నవాళ్ళు దిగితే తప్ప వాడికి దారి లేదు. కాబట్టి వాడు చివరివాడు అవుతాడు. ఎప్పుడూ వాడే అవుతాడు. వాడు బద్ధకస్తుడు కావడం వల్ల కాదు, ఓడలో అందరికంటే సమర్థుడు కావడం వల్ల. అంటే ఈ నియమం మెలకువగా, ఏ పొరపాటూ లేకుండా, అందరిలోకీ మంచి పనివాణ్ణే వెతికి పట్టుకుని కొడుతుందన్నమాట.

కాస్త ఆగి ఆ పేరా ఇంకోసారి చదవండి. నేను హాస్టల్లో మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట అర్థమైంది.

1797 సెప్టెంబరు రెండో వారంలో పిగాట్ ఒక మిడ్‌షిప్‌మన్‌ని, అంటే ఆఫీసరు కావలసిన కుర్రాణ్ణి, ఏదో ముడి సరిగ్గా కట్టించలేదని అందరిముందూ మోకాళ్ళమీద కూచుని క్షమాపణ చెప్పమన్నాడు. అతని పేరు డేవిడ్ కేసీ. మామూలుగా క్షమాపణ చెప్తానన్నాడు, మోకాళ్ళమీద మాత్రం కూచోనన్నాడు. 12 కొరడా దెబ్బలు, ఉన్న హోదా గల్లంతు. ఓడంతా చూసింది. కొద్ది రోజులకి, సెప్టెంబరు 20 సాయంత్రం, గాలివాన. వెనక స్తంభం మీది తెరచాప కుదించమని ఆజ్ఞ. చివర దిగితే కొరడా అని కింద అరుపు. పైనున్నవాళ్ళు ఒకళ్ళమీంచి ఒకళ్ళు దూకుతూ దిగబోయారు. ముగ్గురు జారి డెక్కుమీద పడి చచ్చిపోయారు. చిన్న కుర్రాళ్ళు. వాళ్ళ శవాలను చూసి పిగాట్ అన్న మాట, చేతగాని వెధవల్ని సముద్రంలోకి విసిరెయ్యండి అని. సణిగినవాళ్ళకి మర్నాడు పొద్దున్న కొరడా దెబ్బలు.

మర్నాడు రాత్రి, సెప్టెంబరు 21న, జనం తిరగబడ్డారు. పిగాట్‌ని అతని గదిలోనే కత్తులతో పొడిచి కిటికీలోంచి సముద్రంలోకి తోసేశారు. అతనితోపాటు చాలామంది ఆఫీసర్లనీ చంపారు, వాళ్ళలో ఏ పాపమూ ఎరగనివాళ్ళూ ఉన్నారు. అది ఘోరం, అందులో నాకు సందేహం లేదు. కేసీని మాత్రం వదిలేశారు. తర్వాత ఓడను తీసుకెళ్ళి లా గ్వైరా రేవులో శత్రువైన స్పెయిన్‌కి అప్పగించేశారు. ఒక్క యుద్ధం లేకుండా, శత్రువు ఒక్క గుండు పేల్చకుండా, బ్రిటిష్ నేవీ ఒక ఫ్రిగేట్‌ని పోగొట్టుకుంది. కారణం ఒక పనితీరు కొలమానం.

1799 అక్టోబరులో ఇదే సర్‌ప్రైజ్ పడవలు రాత్రిపూట ప్యూర్టో కబెయో రేవులోకి దూరి హెర్మయొనీని వెనక్కి లాక్కొచ్చాయి. పుస్తకాల్లో ఈ భాగమే గొప్పగా రాస్తారు, సాహసం కూడా నిజమే. తిరుగుబాటుదార్లను ఏళ్ళ తరబడి వెతికి 33 మందిని పట్టుకున్నారు, 24 మందిని ఉరితీశారు. చివర దిగినవాడికి కొరడా అన్న పద్ధతిని మాత్రం ఎవరూ ఏ కోర్టులోనూ నిలబెట్టలేదు.

'అదొక్కడే పిచ్చివాడు, మిగతా వాళ్ళు గెలిచారు కదా' అంటారని తెలుసు. టీ బ్రేకులో మావాడొకడు అన్నాడు కూడా. గెలిచారు, ఒప్పుకుంటాను. ఎవరిమీద గెలిచారు? ఎక్కువగా ఫ్రెంచివాళ్ళమీద. ఆ ఫ్రెంచి నేవీలో విప్లవం వచ్చాక అనుభవమున్న ఆఫీసర్లు పారిపోయారో, గిలటిన్ ఎక్కారో. మిగిలినవాళ్ళని బ్రిటిష్ ఓడలు రేవుల్లో బంధించి కూచున్నాయి. రేవులో కూచున్నవాడు సముద్రం మీద పని నేర్చుకునేదెప్పుడు? అలాంటివాళ్ళమీద ఇరవై ఏళ్ళు గెలిచేసరికి మన పద్ధతే గొప్పదని నమ్మేశారు. ఎదర పోటీ లేని మార్కెట్లో లాభాలు చూపించి మేనేజ్‌మెంట్ పుస్తకం రాసినట్టు.

1812లో అమెరికాతో యుద్ధం వచ్చింది. చిన్న గన్‌బోట్లు పక్కనపెడితే అమెరికా నేవీకి మొత్తం ఇరవై ఓడలు కూడా లేవు. బ్రిటన్‌కి ఫ్రిగేట్లే వంద పైన. ఆగస్టు 19న గెరియేర్ పోయింది, అక్టోబరు 25న మాసిడోనియన్, డిసెంబరు 29న జావా. నవ్వకండి, ఓడ పేరే అది. నాలుగున్నర నెలల్లో మూడు. అమెరికన్ ఓడలు పెద్దవి, ఫిరంగులు బరువైనవి (వాళ్ళవి 24 పౌండ్ల గుండ్లు, వీళ్ళవి 18), ఆ మాట దాచను. అవి లేకపోయినా మాసిడోనియన్ గెలిచేదా అంటే నేను చెప్పలేను. కానీ ఆ ఓడలో పనిచేసిన శామ్యూల్ లీచ్ అనే కుర్రాడు 1843లో తన కథ రాసుకున్నాడు. అందులో యుద్ధం ఒకటి రెండు అధ్యాయాలు, కొరడా దెబ్బలు పుస్తకమంతా. ఆరోజు ఆ ఓడలో వందమందికి పైగా చచ్చారో గాయపడ్డారో. లీచ్ బతికి బయటపడి, ఆ తర్వాత వెళ్ళి చేరింది ఎక్కడ? అమెరికా నేవీలో! అట్రిషన్ అంటే ఇదే కదా.

జావా సంగతి మరీ చోద్యం. అది బొంబాయికి బయల్దేరిన ఓడ. జనంలో చాలామంది కొత్తవాళ్ళు. ఇంగ్లండు నుంచి బయల్దేరి ఆరు వారాలు దాటింది, ఫిరంగుల అభ్యాసం జరిగింది ఒకే ఒక్కసారి, అదీ యుద్ధానికి ముందురోజు. అదీ గుండ్లు లేకుండా ఉత్త మందు దట్టించి ఆరుసార్లు పేల్చి 'అయింది' అనిపించారు. టెస్టింగు ఎన్విరాన్‌మెంటులో కూడా కాదు, టెస్టింగు డాక్యుమెంటులో పాసైందన్నమాట. కాన్‌స్టిట్యూషన్ చేతిలో చితికిపోయాక ఆ ఓడని తగలబెట్టేశారు. దాంతోపాటే బొంబాయి డాక్‌యార్డుకి పంపిన ఒక కొత్త ఫ్రిగేట్ డ్రాయింగులు కూడా పోయాయి. మళ్ళీ నకళ్ళు పంపితే, బొంబాయిలో జంషెడ్జీ బొమాన్జీ వాడియా మలబారు టేకుతో కట్టి 1817లో నీళ్ళలోకి దించాడు. త్రింకోమలీ దాని పేరు. ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ తేలుతూ ఉంది. బ్రిటిష్ ఫ్రిగేట్ అని టికెట్ పెట్టి చూపించే ఆ ఓడ నక్షా ఫ్రెంచి, చెక్క మనది, మేస్త్రి పార్సీ. ట్రైనరుగారి స్లైడుమీద బొమ్మ దీనిదే అని నా అనుమానం.

మరి బాగా నడిచిన ఫ్రిగేట్ లేదా? ఉంది. షానన్. అదీ లీడా తరగతిదే, 38 ఫిరంగులు, 1806లో తయారైంది. ఆ ఏడే ఫిలిప్ బ్రోక్ కెప్టెన్‌గా వచ్చాడు, ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. చూడ్డానికి షానన్ అందంగా ఉండేది కాదు, ఎండకీ వానకీ రంగు వెలిసి ఉండేది. బ్రోక్ ధ్యాసంతా ఫిరంగులమీద. వారంలో చాలా రోజులు అభ్యాసం, ఒక పూట ఒక బ్యాచి, ఇంకో పూట ఇంకో బ్యాచి. సముద్రంలో పీపా విసిరి దాన్ని కొట్టమనేవాడు. అభ్యాసానికి నేవీ ఇచ్చే మందుగుండు చాలదని సొంత డబ్బుతో కొన్నాడు. గురిచూసే ఏర్పాటు అప్పట్లో ఫిరంగికి ఉండేది కాదు, అదీ తన ఖర్చుతో పెట్టించాడు. ప్రతి ఫిరంగి వెనక డెక్కుమీద కోణాలు గీయించాడు. దాంతో పొగలో ఏమీ కనపడకపోయినా, పైనుంచి ఒకడు డిగ్రీలు అరిస్తే అన్ని ఫిరంగులూ ఒకే చోటికి తిప్పొచ్చు. ఇంజినీరింగు చదివినవాడికి ఇది చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. బ్రోక్ ఆస్తిపరుడు కాబట్టి చేయగలిగాడు అంటే అదీ నిజమే. అతని ఓడలో కొరడా లేదని కూడా నేననను. అది ఆ కాలపు నేవీ. కానీ అతను కొలిచింది ఎవడు ముందు దిగాడని కాదు, గుండు తగిలిందా లేదా అని.

ఇంకో పని చేశాడు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. శత్రువుల వ్యాపార ఓడని పట్టుకుంటే దాన్ని అమ్మిన సొమ్ము పట్టినవాళ్ళు పంచుకోవచ్చు. ఫ్రిగేట్ కెప్టెన్లంతా కోటీశ్వరులు కావాలని కలలు కనేది దీనికోసమే. ఆ పంపకం ఎలా ఉండేదంటే, 1799 అక్టోబరులో నాలుగు బ్రిటిష్ ఫ్రిగేట్లు వెండి మోసుకొస్తున్న రెండు స్పానిష్ ఫ్రిగేట్లను పట్టుకుంటే ఒక్కో కెప్టెన్‌కి 40,730 పౌండ్లు, ఒక్కో కళాసీకి 182 పౌండ్లు. 223 రెట్లు తేడా. ఆ 182 కూడా కళాసీకి తొమ్మిదేళ్ళ జీతం పైమాటే, ఎందుకంటే వాళ్ళ జీతం 1650ల నుంచి 1797 దాకా పెరగనే లేదు! స్పిట్‌హెడ్‌లో నౌకాదళం మొత్తం పని మానేసి కూచుంటే తప్ప పెంచలేదు. మనవాళ్ళు ఒక్కేడాది హైకు ఆగితేనే నౌక్రీ ప్రొఫైలు అప్‌డేట్ చేస్తారు. సరే, బ్రోక్ విషయానికొస్తే, పట్టుకున్న ఓడని రేవుకి చేర్చాలంటే మన మనుషుల్లో కొందరిని దాంతో పంపాలి. టీము చెదిరిపోతుంది. అది ఇష్టంలేక బ్రోక్ పట్టిన ఓడల్ని చాలావరకు అక్కడికక్కడే తగలబెట్టేశాడు. తన డబ్బు తనే తగలబెట్టుకున్నట్టు. ఏడేళ్ళు కలిసి పనిచేసిన మనుషుల్ని విడదీయనన్నాడు. ఇది ఏ స్లైడులోనూ చూడలేదు నేను.

1813 జూన్ 1న బోస్టన్ బయట చెసపీక్ అనే అమెరికన్ ఫ్రిగేట్ ఎదురొచ్చింది. ఇంచుమించు సరిసమానమైన ఓడలు. దాని కెప్టెన్ లారెన్స్ ఆ ఓడకి వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. రెండు ఓడల్లో కలిపి 200 మందికి పైగా చచ్చారో గాయపడ్డారో. లారెన్స్ పోయాడు. బ్రోక్ తలమీద కత్తి దెబ్బ తిని బతికాడు, మళ్ళీ సముద్రం మీద ఓడ నడపలేదు. గెలుపు కాబట్టి ఇంగ్లండంతా ఊరేగింది. అతని పద్ధతిని బళ్ళో నేర్పడానికి మాత్రం నేవీకి 1830 దాకా తీరలేదు.

కెప్టెనే అన్నీ అన్న ముక్క కూడా మిగిలిపోయింది. దానికి మన విశాఖపట్నం చాలు. 1804 సెప్టెంబరు 15న విశాఖ తీరంలో సెంచురియన్ అనే బ్రిటిష్ ఓడ (ఫ్రిగేట్ కాదు, 50 ఫిరంగుల పాత ఓడ) లంగరేసి ఉంది. రెండు కంపెనీ ఓడలకి కాపలా. అడ్మిరల్ లినువా ఒక పెద్ద ఓడతో, అటలాంట్, సెమియాంట్ అనే రెండు ఫ్రిగేట్లతో మీదపడ్డాడు. ఆ సమయానికి సెంచురియన్ కెప్టెన్ లిండ్ ఎక్కడున్నాడు? ఒడ్డున, ఊళ్ళో. ఓడని లెఫ్టినెంటు ఫిలిప్స్ నిలబెట్టాడు. కెప్టెన్ మధ్యలో పడవేసుకుని వచ్చి చేరాడు. ఒక కంపెనీ ఓడ ఒడ్డుకి కొట్టుకుపోయి ముక్కలైంది, రెండోది లొంగిపోయింది, సెంచురియన్ మాత్రం మూడింటికీ లొంగలేదు. సర్ బిరుదు ఎవరికొచ్చిందో మీరు ఊహించే ఉంటారు. లిండ్‌కి.

ఇప్పుడు మొదట్లో దాచిన కారణం. పోయినేడు నా కింద ఆరుగురు. ఫారంలో కింది గడిలో ఒక పేరు తప్పకుండా రాయాలి, అది రూలు. నేనే రాశాను. బిల్లింగులో ఒక పాత మాడ్యూలుంది, రాసినవాళ్ళంతా వెళ్ళిపోయారు, ముట్టుకోడానికి అందరికీ భయం. దాన్ని ఒక్కడే చూసేవాడు. ఒక్కో టికెట్టుకి వారం పట్టేది. లెక్కల్లో అందరికంటే తక్కువ టికెట్లు మూసినవాడు అతనే, చివరివాడు. నేను ఎక్సెల్ షీటు చూసి పేరు రాసేశాను. "అన్నా, నాదేం తప్పన్నా?" అని అడిగాడు. ప్రాసెస్ అని చెప్పాను. మూడు నెలల తర్వాత వెళ్ళిపోయాడు. ఆ మాడ్యూలు ఇప్పుడు నేను చూస్తున్నాను, ఒక్కో టికెట్టుకి నాకు రెండు వారాలు పడుతోంది.

ఈ ఏటి ఫారం సోమవారం వచ్చింది. కింది గడి ఖాళీగా వదిలి సబ్మిట్ కొట్టాను. ఈ గడి తప్పనిసరి అని ఎర్రక్షరాల్లో వచ్చింది. మేనేజరుకి మెయిలు రాసి మూడు రోజులైంది, జవాబు లేదు. ట్రైనింగువాళ్ళ ఫీడ్‌బ్యాక్ ఫారం మాత్రం ఖాళీగా ఒప్పుకుంటుందట, కానీ దాన్నే నింపి పంపాను. హెర్మయొనీ గురించి రెండు పేరాలు పట్టింది.